గుంటూరు క్వింటా పత్తి ధరలో పెద్ద దేశాల చెయ్యి ఎంత?

మీ ప్రశ్న ఇది: ప్రత్తిపాడు దగ్గర నాన్నగారు పత్తి వేస్తారు. విజయవాడలో మీ కాలేజీ వక్తృత్వ పోటీకి "ప్రపంచ పేదరికానికి ధనిక దేశాలే బాధ్యులు" అన్న అంశం ఇచ్చారు. అనుకూలంగా మాట్లాడాలా, వ్యతిరేకంగానా తేలడం లేదు, అంకెలతో చెప్పమన్నారు.

"పేదరికం" అని మొత్తంగా పట్టుకుంటే ఎంత మాట్లాడినా తెగదు. ఒకరు వలస పాలన అంటారు, ఇంకొకరు మన అవినీతి అంటారు, గంట కొట్టేస్తారు. ఒక్క సరుకు పట్టుకోండి. దాని ధరలో ఏ రూపాయి ఎవరి నిర్ణయం వల్ల తగ్గిందో వెతకండి. బాధ్యత అన్న మాటకు అప్పుడు ఒక కొలత దొరుకుతుంది. మీ ఇంట్లోనే పత్తి ఉంది కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

ముందు ధర ఎలా పుడుతుందో చూడండి. గింజతో ఉన్న క్వింటా పత్తిని జిన్నింగ్ మిల్లులో ఆడిస్తే సుమారు 34 కిలోల దూది, 64 కిలోల గింజ వస్తాయి, మిగతాది తరుగు. దూది మన దగ్గర కేండీ లెక్కన అమ్ముడవుతుంది. కేండీ అంటే 356 కిలోలు. న్యూయార్క్ మార్కెట్లో మాత్రం పౌనుకు ఇన్ని సెంట్లు అని చెబుతారు. 356 కిలోలంటే దాదాపు 785 పౌన్లు. అక్కడ పౌను 70 సెంట్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాం (లెక్క తేలికగా ఉంటుందని తీసుకున్న అంకెలివి, మీరు ఆ రోజు రేటు వేసుకోండి). 785 పౌన్లను 0.70 డాలరుతో, తర్వాత 85తో గుణిస్తే కేండీ సుమారు రూ.46,700. అందులో మీ 34 కిలోల వాటా రూ.4,460. గింజ కిలో రూ.35 చొప్పున 64 కిలోలకు రూ.2,240. రెండూ కలిపితే రూ.6,700. జిన్నింగ్, ప్రెస్సింగ్, కిరాయి కింద ఒక రూ.300 తీసేస్తే రూ.6,400 మిగులుతుంది. వ్యాపారి మీ నాన్నగారికి చెప్పే రేటు ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది. ఆయన మంచివాడా చెడ్డవాడా అన్నది ఆ తర్వాతి మాట.

ఈ లెక్కలోంచి రెండు చిన్న అంకెలు తీసి జేబులో పెట్టుకోండి. న్యూయార్క్‌లో ఒక్క సెంటు మారితే గుంటూరులో క్వింటాకు సుమారు రూ.64 మారుతుంది. డాలరు విలువ ఒక్క రూపాయి మారితే క్వింటాకు రూ.52. వేదిక మీద ఈ రెండూ చెప్పగలిగితే మిగతాదంతా వాటి మీద నిలబడుతుంది.

ఇప్పుడు ఆ సెంట్లను ఎవరు కిందికి లాగుతారో చూద్దాం. పత్తి ఎగుమతిలో అమెరికా ఎప్పుడూ ముందువరుసలోనే ఉంది. 2001-02లో ప్రపంచ ధర సగటున 42 సెంట్లకు పడిపోయింది. మామూలు రైతయితే ఆ ధరకు విస్తీర్ణం తగ్గించుకుంటాడు, సరుకు తగ్గి ధర మళ్లీ లేస్తుంది. అమెరికాలో అలా జరగలేదు. పత్తికి అక్కడ పౌనుకు 52 సెంట్ల రుణ రేటు, అంటే ప్రభుత్వం హామీ ఇచ్చే కనీస ధర, ఉండేది. మార్కెట్ దానికన్నా పడితే తేడా ప్రభుత్వం కట్టేది. 2002 చట్టం దానిమీద 72.4 సెంట్ల లక్ష్య ధర కూడా పెట్టింది. ఇవి చాలవన్నట్టు అమెరికా పత్తి కొన్న మిల్లులకూ, ఎగుమతిదారులకూ వేరే చెల్లింపు ఉండేది. సుమారు 25,000 మంది రైతులకు ఒక్క ఏడాదిలో 300 కోట్ల డాలర్లు దాటి వెళ్లాయి. ధర ఎంత పడినా అక్కడ విత్తడం ఆగలేదు. ఆగని సరుకంతా ప్రపంచ మార్కెట్ మీద పడింది. దాని దెబ్బ మాలి, బుర్కినా ఫాసో, బెనిన్, చాద్ రైతులకు తగిలింది, మన నల్లరేగడి రైతుకూ తగిలింది.

దెబ్బ ఎంత? బ్రెజిల్ ఈ సంగతిని 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థకు తీసుకెళ్లినప్పుడు డేనియల్ సమ్నర్ అనే కాలిఫోర్నియా ఆర్థికవేత్త నమూనా కట్టి చూపించారు. ఆ సబ్సిడీలు లేకపోతే 1999-2002 మధ్య ప్రపంచ ధర సుమారు 12 శాతం ఎక్కువ ఉండేదని ఆయన లెక్క. మన ఉదాహరణలో 70 సెంట్లకు 12 శాతం అంటే 8.4 సెంట్లు, అంటే క్వింటాకు రూ.535. ఎకరాకు 8 క్వింటాళ్లు వస్తే రూ.4,280. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త పాటించండి. నేటి అమెరికా విధానం అప్పటిది కాదు. ఇప్పుడు చెల్లింపు ఎక్కువగా పాత విస్తీర్ణం రికార్డు మీద ఇస్తారు, ఈ ఏడాది ఎంత వేశారన్న దాని మీద కాదు. అందుకని ధర మీద దాని ప్రభావం తక్కువ. గింజ పత్తికి వాళ్ల ఆధార ధర 2018లో పౌనుకు 36.7 సెంట్లుగా పెట్టి, 2025 చట్టంలో 42 సెంట్లకు పెంచారు. మీరు 5 శాతం మాత్రమే వేసుకున్నా క్వింటాకు రూ.223, ఎకరాకు దాదాపు రూ.1,780 వస్తుంది. ఎదుటి పక్షం పట్టుకోలేని అంకె ఇదే, దీన్నే వాడండి. 12 శాతం చెబితే అది 2002 నాటిదని కచ్చితంగా ఆ మాట కలిపి చెప్పండి.

ఆ కేసు ముగిసిన తీరు ఈ అంశానికి గుండెకాయ. 2004లో తీర్పు, 2005లో అప్పీలు, రెండిట్లోనూ బ్రెజిల్ గెలిచింది. అమెరికా 2006లో మిల్లుల చెల్లింపు ఒకటి తీసేసింది, మిగతావి చాలావరకు కొనసాగించింది. ప్రతీకార సుంకాలు వేసుకోవడానికి బ్రెజిల్‌కు అనుమతి వచ్చాక, 2010లో అమెరికా ఏడాదికి 14.73 కోట్ల డాలర్లు బ్రెజిల్ పత్తి రంగానికి కట్టడానికి ఒప్పుకుంది. 2014లో మరో 30 కోట్ల డాలర్లు ఇచ్చి కేసు మూసేశారు. అంటే తన రైతులకు ఇచ్చే సబ్సిడీని కాపాడుకోవడానికి, ఫిర్యాదు చేసిన దేశపు రైతులకు కూడా డబ్బు కట్టింది! 2003లో ప్రపంచ వాణిజ్య సంస్థ కాంకూన్ సమావేశంలో ఇదే గోడు వెళ్లబోసుకున్న ఆ నాలుగు ఆఫ్రికా దేశాల రైతులకు ఆ డబ్బులో సెంటు కూడా రాలేదు. వాళ్లకు ప్రతీకార సుంకం వేసే మార్కెట్ బలం లేదు. న్యాయం వాళ్ల పక్కనే ఉంది, దాన్ని వసూలు చేసుకునే శక్తి లేదు. ఇప్పుడైతే ఆ దారీ మూతపడింది. ఆ సంస్థ అప్పీలు ధర్మాసనానికి సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి అది పనిచేయడం లేదు. ఓడిన దేశం అప్పీలు వేసి కూర్చుంటే వినేవాళ్లే లేరు.

ఇక నియమాల సంగతి. "భారత్ కూడా మద్దతు ధర ఇస్తోందిగా" అని ఎదుటివాళ్లు తప్పకుండా అంటారు. 2018 నవంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికా మన పత్తి మద్దతు ధర మీద సరిగ్గా ఈ అభ్యంతరమే పెట్టింది, హద్దు దాటారని. ఆ హద్దును ఎలా లెక్కిస్తారో తెలుసుకుంటే మీ జవాబు దొరుకుతుంది. మద్దతు ధరలోంచి 1986-88 నాటి అంతర్జాతీయ ధరను తీసేసి, వచ్చిన తేడాను అర్హమైన పంట పరిమాణంతో గుణిస్తారు. ఆ మొత్తం పంట విలువలో 10 శాతం దాటకూడదు. నలభై ఏళ్లలో కూలీ, ఎరువు, డీజిలు ఎంత పెరిగినా కొలబద్ద మాత్రం అక్కడే ఆగిపోయింది. ఈ లెక్కలో ద్రవ్యోల్బణమే సబ్సిడీగా కనిపిస్తుంది. మరో పక్క, ఆ సంస్థ వ్యవసాయ ఒప్పందం రాసుకున్న రోజు ఎవరు ఎక్కువ సబ్సిడీ ఇస్తున్నారో వాళ్లకే ఎక్కువ హక్కు దక్కింది. అమెరికాకు ఏటా 1,910 కోట్ల డాలర్లు, యూరోపియన్ యూనియన్‌కు 7,240 కోట్ల యూరోల దాకా పరిమితి. దాన్ని రెండు మూడు పంటల మీదే గుమ్మరించినా అడిగేవాడు లేడు. అప్పట్లో ఇవ్వని పేద దేశాలకు పంటకు 10 శాతమే. 2013లో బాలీలో తెచ్చుకున్న తాత్కాలిక రక్షణ ఆహార ధాన్యాల నిల్వలకే పరిమితం. మనం 2020లో దాన్ని బియ్యానికి వాడుకున్నాం. పత్తి తిండిగింజ కాదు కనుక దానికి ఆ గొడుగు లేదు. ఈ సంగతి చాలామంది వక్తలకు తెలియదు, మీరు చెబితే న్యాయనిర్ణేతలు తల ఎత్తి చూస్తారు.

ఇక్కడ నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2025-26కు పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర రూ.8,110. పైన మనం వేసిన మార్కెట్ ధర రూ.6,400. తేడా రూ.1,710. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ కేంద్రంలో సరుకు దిగిందంటే అమెరికా సబ్సిడీ దెబ్బను ప్రభుత్వ ఖజానా మోస్తుంది, రైతు మోయడు. దిగకపోతే ఆ రూ.1,710 మొత్తం రైతు నెత్తిన పడుతుంది. అందులో అమెరికా వల్ల పోయింది రూ.223 నుంచి రూ.535 అనుకుంటే, మిగతా వెయ్యీ చిల్లర మన ఊళ్లోనే ఆపుకోదగ్గది. మరి ఎందుకు దిగదు? ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి తేమ. 8 శాతం దాకా పూర్తి ధర ఇస్తారు. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత పడుతుంది, 12 దాటితే అసలు తీసుకోరు. 10 శాతం ఉంటే రూ.7,948 వస్తుంది, 12 ఉంటే రూ.7,786. పొద్దున్నే మంచులో తీసిన పత్తిని అదే రోజు బోరాల్లో తొక్కితే 12 దాటడం ఖాయం. టార్పాలిన్ మీద పలచగా పరిచి ఎండబెట్టి, మధ్యలో తిరగవేయాలి. రెండోది కాగితం. భూమి పేరు ఒకరిది, పంట ఇంకొకరిది. కౌలు రైతుకు 2019 చట్టం ప్రకారం పదకొండు నెలల సాగు హక్కు కార్డు రావాలి, దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. కార్డు లేకపోతే ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ రికార్డు ఈ-పంటలో పేరు ఎక్కడం కష్టం. అక్కడ లేకపోతే సీసీఐకి అమ్మడానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ రాదు. ఈ ముడి వాణిజ్య సంస్థ ఉన్న జెనీవాలో పడింది కాదు, దీన్ని విప్పాల్సింది మనమే. మీ ప్రసంగంలో ఈ మాట దాచకండి. దాస్తే ఎదుటివాళ్లు బయటపెడతారు, అప్పుడు మీ మంచి అంకెలు కూడా అనుమానంలో పడతాయి.

దిగుమతి సుంకం వాళ్ల బాధ్యతకూ మన బాధ్యతకూ మధ్య ఉంటుంది. 2021 ఫిబ్రవరి నుంచి విదేశీ పత్తి మీద 11 శాతం సుంకం ఉండేది. 2025 ఆగస్టు 19న కేంద్రం దాన్ని ఎత్తేసి, తర్వాత ఆ మినహాయింపును డిసెంబరు 31 దాకా పొడిగించింది. మన ఉదాహరణ ధరకు 11 శాతం అంటే కేండీకి రూ.5,137, క్వింటా పత్తికి రూ.490. పత్తి తీతలు మొదలై సరుకు యార్డుకు వచ్చే నెలలు సరిగ్గా అవే. నిర్ణయం ఢిల్లీది, చెప్పిన కారణం మన మిల్లులకు సరుకు అందించడం. కానీ అదే ఆగస్టు 27న మన వస్త్రాలతో సహా చాలా ఎగుమతుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. మిల్లు బతకాలంటే దూది చౌక కావాలి, దూది చౌకైతే రైతుకు కోత. పెద్ద మార్కెట్ ఒక్క సంతకంతో మన మిల్లునీ రైతునీ ఇలా ఎదురెదురుగా నిలబెట్టగలదు.

విత్తనం దగ్గర మాత్రం కథ మనవైపు తిరిగింది, దాన్ని వదలకండి. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చాక 450 గ్రాముల ప్యాకెట్ రూ.1,600 దాటి అమ్మేవారు. అందులో విదేశీ సాంకేతికతకు కట్టే రుసుమే రూ.1,250 దాకా ఉండేది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ దగ్గర ఫిర్యాదు చేసి, ప్యాకెట్ ధరను రూ.750కి కట్టడి చేసింది. ఎకరాకు రెండు ప్యాకెట్లు వేసే రైతుకు రూ.1,700 మిగిలింది. ఒక రాష్ట్రం గట్టిగా నిలబడితే ఇంత మారింది. ధనిక దేశాల నియమాల ముందు మనకు చేయగలిగింది ఏమీ లేదన్న వాదనకు ఇదే జవాబు.

చరిత్ర చెప్పాలనుకుంటే ఒక్క నిమిషం చాలు, కానీ మన జిల్లాలదే చెప్పండి. బందరు అద్దకం గుడ్డ ఒకప్పుడు ఐరోపా ఇళ్లన్నీ తిరిగింది. బ్రిటన్ పార్లమెంటు 1700లో అలాంటి అద్దకం గుడ్డల దిగుమతిని, 1721లో వాటిని ధరించడాన్ని కూడా నిషేధించింది. స్వేచ్ఛా వాణిజ్యం పాఠాలు తమ మిల్లులు నిలదొక్కుకున్నాకే మొదలయ్యాయి. ఆపైన 1832-33 నందన సంవత్సరపు డొక్కల కరువు. గుంటూరు ప్రాంతంలో ఐదు లక్షల జనంలో రెండు లక్షల మంది దాకా పోయారన్నది అప్పటి అంచనా. కృష్ణ పక్కనే పారుతోంది, నీళ్లు మళ్లించే ఆనకట్ట లేదు. శిస్తు వసూలు చేసుకున్న కంపెనీ ఆనకట్ట పని 1852లో మొదలుపెట్టి 1855లో ముగించింది. బాధ్యత అన్న మాటకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ విజయవాడలో కూర్చుని వెతకనక్కర్లేదు.

వాతావరణం గురించి అడిగితే జాగ్రత్తగా మాట్లాడాలి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ గుండా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి, బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ఆ వరదను నేరుగా ఫలానా దేశం ఖాతాలో రాయలేం. బుడమేరు గట్లు, ఆక్రమణలు మన పనే. చెప్పగలిగింది ఇది: పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు అమెరికాది, భారత్ వాటా 3 శాతం దగ్గర. ఈ రోజుకీ తలకు అక్కడ సుమారు 14 టన్నులు, మన దగ్గర 2 టన్నులు. పేద దేశాలకు ఏటా 10,000 కోట్ల డాలర్లు 2020 కల్లా సమకూరుస్తామని 2009లో కోపెన్‌హేగన్‌లో మాట ఇచ్చారు. అందింది 2022లో, అందులోనూ ఎక్కువ భాగం అప్పు రూపంలో. కారణం ఒకరిదైతే గట్టు కట్టుకోవడానికి ఇంకొకరు వడ్డీ కట్టాలి. ఇందులో అన్యాయం ఎక్కడుందో చెప్పడానికి పెద్ద మాటలు అక్కర్లేదు.

సహాయం సంగతి త్వరగా ముగించండి. జాతీయ ఆదాయంలో 0.7 శాతం ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లోనే తీర్మానించింది. 2024లో దాత దేశాల సగటు 0.33. 0.7 గీత దాటినవి నార్వే, స్వీడన్, డెన్మార్క్, లక్సెంబర్గ్ మాత్రమే. అప్పుల గురించి ఒక్క ఉదాహరణ చాలు. జాంబియా పాత బాకీని ఒక ఫండు 1999లో సుమారు 33 లక్షల డాలర్లకు కొని, 5.5 కోట్ల డాలర్లు కావాలని లండన్ కోర్టుకెక్కింది. 2007లో 1.55 కోట్ల డాలర్లు రాబట్టుకుంది. ఆ గొడవ తర్వాతే బ్రిటన్ 2010లో ఇలాంటి వసూళ్లకు కళ్లెం వేస్తూ చట్టం చేసింది. ఒక్క చట్టంతో ఆపగలిగిందాన్ని అంతకాలం ఆపలేదన్నదే ఇక్కడ బాధ్యత.

ఎదుటి పక్షం బలమైన ప్రశ్న వేస్తుంది: దక్షిణ కొరియా ఇవే నియమాల మధ్య ఎదిగింది కదా? ఎదిగింది. భూసంస్కరణ, చదువు, ఎగుమతి పరిశ్రమ పట్టుకుని ఎదిగింది. పరిశ్రమ నిలదొక్కుకునే దాకా దిగుమతుల్ని అడ్డుకుంది కూడా. ఆ ఆటలో చాలా ఎత్తులు 1995 తర్వాతి ప్రపంచ వాణిజ్య ఒప్పందాల్లో కష్టమయ్యాయి, అది గుర్తుచేయండి. రెండో ప్రశ్న: మన ధనికుల సంగతేంటి? దానికి తలవంచి ఒప్పుకోండి. దేశపు తలసరి 2 టన్నుల వెనక నాలుగు ఏసీలు, రెండు కార్లున్న ఇల్లు దాక్కోకూడదు. న్యాయం కోసం అడిగే కొలతను మన వీధికీ వర్తింపజేస్తేనే అడిగే హక్కు నిలుస్తుంది.

అందుకని అనుకూలంగానే మాట్లాడండి. "ధనిక దేశాలే" అన్న మాటలోని ‘ఏ’ని మాత్రం మొదటి నిమిషంలోనే సరిచేయండి: నియమాలు రాసింది వాళ్లు, కాబట్టి నియమాల వల్ల పోయిన రూపాయికి వాళ్లదే జవాబు. ఏం కావాలని అడిగితే మూడు చెప్పండి. 1986-88 కొలబద్దను ద్రవ్యోల్బణంతో సరిచేయాలి. పత్తి మీద ధరను వంచే సబ్సిడీని 2003లో ఆఫ్రికా దేశాలు అడిగినట్టు ఎత్తేయాలి. వాతావరణ నిధి అప్పుగా కాక గ్రాంటుగా రావాలి. పోటీకి ముందురోజు న్యూయార్క్ రేటు, డాలరు రేటు చూసుకుని ఆ రూ.6,400 మళ్లీ వేసుకోండి. గింజ ధర మాత్రం పేపర్లో చూడకుండా ఊళ్లో మిల్లువాళ్లనే అడగండి, అది వారం వారం మారుతుంది.